గూడున్న కొమ్మ

కొమ్మలు కొట్టే పెద్దాయన చెట్టెక్కేముందు మొదలును మూడుసార్లు తడతాడు. పిట్టలకు కబురు పెట్టడమట అది. ఈరోజు బడిలోని చెట్టుకొమ్మ కరెంటు తీగకు తగులుతోందని పిలిపించారు. పదకొండింటి దాకా కరెంటు ఆపారు. తీరా పైకెక్కితే ఆ కొమ్మలోనే గూడుంది, అందులో నోళ్లు తెరిచిన పిట్టపిల్లలు మూడు. రంపం నడుముకు దోపుకుని, కొమ్మను తీగకు దూరంగా లాగి తాడుతో కట్టసాగాడు.

"ఐదు నిమిషాలే ఉన్నాయి, దిగవయ్యా బాబూ!" కింద పంతులమ్మ ప్రాణాలు ఉగ్గబట్టుకుని అరిచింది.

ఆయన కాళ్లు నేలకానాయో లేదో, గదుల్లో ఫ్యాన్లు తిరిగాయి.

"కొట్టమంటే ఇదేం పనయ్యా?"

"లోపల పసివాళ్లుండగా ఇల్లు పడగొడతామా అమ్మా?"

"మరి వాళ్లమ్మేది తాతా?" అంది ఒక పాప.

"మనం దూరం జరిగితేనే వస్తుంది తల్లీ."

చెట్టు నీడలో చేరిన బడిపిల్లలందరూ ఎండలోకి జరిగారు. పాదాలు చురచుర కాలుతున్నా, తల్లిపిట్ట గూట్లో వాలేదాకా ఒక్కరూ కదల్లేదు.