ఆపిల్ రసం, రాగి చెంబు

ఆ రాగి చెంబు మూత తీసిన పొద్దు గడిచి ఎన్నాళ్లో కాలేదు. ఇప్పటికీ పాప నిద్రలో కాస్త కదిలితే చాలు, నా చెయ్యి దాని పొట్ట మీదికి పోతుంది.

మాది దర్శి పక్కన ఒక పల్లె. మా ఆయన పొదిలిలో టీచరు, రోజూ బండి మీద వెళ్లొస్తారు. మావయ్య మిరప, కొంచెం పత్తి వేస్తారు. నేను గుంటూరులో పుట్టి పెరిగాను, డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. పాప కడుపులో ఉన్నప్పుడు నాకు సుగర్ వచ్చింది. కాన్పయ్యాక తగ్గింది గానీ, జాగ్రత్తగా ఉండకపోతే మళ్లీ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ భయంతో ఫోన్లో ఏవేవో చదివి వెనిగర్ మొదలుపెట్టాను.

వంటింట్లోకి రెండు సీసాలు వచ్చాయి. తెల్లది వంటకి, గోధుమరంగుది తాగడానికి. ద్రాక్షపళ్లు, కొత్తిమీర, తోటకూర తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడిగేదాన్ని. చుట్టూ చేలల్లో ఏ మందు ఎప్పుడు కొడుతున్నారో కళ్లతో చూస్తూ ఊరికే కడిగి తినబుద్ధి కాలేదు. చికెన్‌కి పెరుగు బదులు అదే పట్టించేదాన్ని. ఉల్లిపాయ, పచ్చిమిర్చి చీలికలు ఉప్పు వేసి అందులో ఊరబెట్టేదాన్ని.

"చెట్టు కింద నిమ్మకాయలు రాలి కుళ్లిపోతున్నాయి. నీకేమో సీసాలో పులుపు కావాలి" అనేది అత్తయ్య. అంటూనే, "ఆ ఉల్లిపాయ ముక్కలు ఇంకో నాలుగు ఇటు వెయ్యి" అని కంచం జరిపేది.

గోధుమరంగు సీసా గురించి ఒక్కసారే అడిగింది.

"ఇదేంటి అమ్మాయ్?"

"ఆపిల్ నుంచి తీసింది అత్తయ్యా. సుగర్‌కి మంచిదంట. ఒక చెంచా నీళ్లలో కలిపి, తేనె వేసుకుని పొద్దున్నే తాగాలి."

"ఆపిల్ రసమా? అయితే తాగు."

నేను ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సింది ఉందని అనుకోలేదు.

అత్తయ్యకి వాసన తెలియదు. పెళ్లయిన దగ్గర్నుంచీ కల్లంలో కూర్చుని ఎర్రకాయ ఒకవైపు, తెల్లబడిన తాలుకాయ ఒకవైపు ఏరుతూ, ఆ ఘాటులోనే బతికింది. మా ఇంట్లో ఎండుమిర్చి మాడితే వీధి చివరి వాళ్లు దగ్గుతారు, ఆవిడ మాత్రం పొయ్యి ముందు నిలబడి పాట పాడుకుంటూ ఉంటుంది. పాలు అడుగంటితే పక్కింటి పిన్నిగారు గోడ మీంచి కేకేసి చెప్పాలి. ఇది మాకు ఇంట్లో నవ్వుకునే సంగతి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఇంట్లో తాగే నీళ్లు రాత్రంతా రాగిలో ఉండాల్సిందే. రాగిలో పులుపు పోయడం మాత్రం పాపంతో సమానం. కాపరానికి వచ్చిన కొత్తలో మిగిలిన చారు ఒక రాగి చెంబులో వంపబోతే అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చిలుము పట్టుద్ది. తాగినోళ్లు పేగులు కక్కుకుంటారు" అంది. అంత కోపంగా ఆవిడ నాతో మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు.

పాప తెల్లారకముందే లేచి చంక దిగకపోవడం చూసి, ఒకరోజు అత్తయ్యే అంది, "నీ రసం రేపట్నుంచి నేను కలిపిస్తాలే. ఎంతెంతో చెప్పు." చెప్పాను. అప్పట్నుంచి నేను కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి స్టీలు గ్లాసు చేతికి అందించేది. రుచి మొదట్లోలా లేదు. నాలుక మీద ఇనుప మేకు పెట్టుకున్నట్టు ఉండేది. తేనె మారిందేమో అనుకున్నాను. కొంచెం వికారంగా ఉండేది. ఖాళీ కడుపున తాగితే మొదట్లో అలాగే ఉంటుందని ఎక్కడో చదివాను కాబట్టి సరిపెట్టుకున్నాను.

అప్పుడప్పుడే మాటలొస్తున్న పాపకి, నేను ఏది తాగితే అది కావాలి. దాని చిన్న గ్లాసులో రెండు చెంచాలు పోసి, తేనె ఎక్కువ కలిపి ఇచ్చేదాన్ని. "అమ్మ రసం" అని మూతి తుడుచుకుని మళ్లీ గ్లాసు చాచేది.

తర్వాత పాపకి వాంతులు మొదలయ్యాయి. పొద్దున పాలు తాగేది, కాసేపటికి కక్కేది. మధ్యాహ్నానికి బాగానే ఆడుకునేది, మర్నాడు మళ్లీ మామూలే. నేను కూడా ఒకరోజు పెరట్లో వాంతి చేసుకుంటే పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసింది.

"ఏంటమ్మాయ్, మళ్లీ నెల తప్పావా?"

"అదేం లేదు పిన్నిగారూ."

"మీ అత్తకి చెప్పకపోతే పోయావు, నాకు చెప్పొచ్చుగా."

దర్శిలో పిల్లల డాక్టరు ఏం తింటోందని అడిగారు. అన్నం, గుడ్డు, పాలు, అరటిపండు అన్నాను. ఆ రెండు చెంచాలు తిండి కింద నాకు గుర్తుకే రాలేదు. ఆయన సిరప్ రాశారు. అది తాగినా వాంతులు ఆగలేదు. పాప మెడ సన్నబడింది. వెండి మురుగులు చేతుల్లోంచి జారిపోతుంటే తీసి దాచాను.

అప్పుడు నా అనుమానమంతా మావయ్య మీదికి పోయింది. ఆ ఏడు నల్లతామర పురుగు మిరప పూత మీద దిగింది, ఆయన ఒకటికి రెండు మందులు కొడుతున్నారు. సాయంత్రం ఇంటికి రాగానే పాప పరిగెత్తుకెళ్లి ఆయన పంచె పట్టుకునేది. ఆ పంచె, ఆ చేతులు, ఆ వాసన. ఒకరోజు మా ఆయన ముందే అనేశాను.

"మావయ్యా, మందు కొట్టిన రోజుల్లో పాపని ఎత్తుకోకండి."

ఆయన చాచిన చేతులు అలాగే కాసేపు ఉండిపోయాయి. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "సరేనమ్మా" అన్నారు. మర్నాటి నుంచి బోరు దగ్గరే స్నానం, అన్నం వసారాలోనే, పడక కల్లంలోనే. పాప "తాతా" అని గడప దాకా వెళ్తే, "అక్కడే ఉండు తల్లీ" అని దూరం జరిగేవారు. అయినా వాంతులు తగ్గలేదు.

అత్తయ్య పెదకాకాని శివుడికి మొక్కుకుంది. తగ్గాక వెళ్దురుగాని అంటే, "తగ్గేదాకా నేను ఆగితే ఆయన ఎప్పుడు తగ్గించాలి?" అంది. శనివారం బస్సుకి బయల్దేరింది. రాత్రికి అక్కడే ఉండి ఆదివారం పొద్దున్నే పొంగలి పెట్టి రావాలని. సంచీ భుజానికి తగిలించుకుని గడప దాటుతూ అంది, "రోజూలాగే నీ రసం కలిపి పొయ్యి పక్కన చెంబులో పెట్టా. పొద్దున్నే గ్లాసులోకి వంచుకో."

అలా, అది ఎందులో ఉంటుందో ఆదివారం పొద్దున మొదటిసారి చూశాను.

మూత తీశాను. బయట నల్లబడిన పాత రాగి చెంబు. లోపల రసం ఉన్నంత మేరా కొత్త నాణెంలా ఎర్రగా మెరుస్తోంది. ముందు, అత్తయ్య ఎంత బాగా తోమిందో అనుకున్నాను. తర్వాత దాని పైన చూశాను. రసం అంచున చుట్టూ నెమలికంఠం రంగులో ఒక పట్టీ పొరలు కట్టి ఉంది. చారు వంపబోతే నా చెయ్యి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. అంతలో నాలుక మీదికి ఆ మేకు రుచి తనంతట తనే వచ్చింది.

వెనక నుంచి, "అమ్మా, నాకు" అంది పాప. చేతిలో దాని గ్లాసు.

చెంబుని నా తల కంటే ఎత్తుకి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రసం మోచేతి మీదుగా కారుతోంది. ఆమ్లం తగిలితే లోహం ఏమవుతుందో పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న దాన్ని. అదే సంగతి నా వంటింట్లో, నా పిల్ల గొంతులో రోజూ జరుగుతోందని బుర్రకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

టీ కోసం వచ్చిన మావయ్య గడప అవతల నిలబడి ఉన్నారు.

"ఏమైందమ్మా?"

చెంబు ఆయనకి ఇచ్చాను. లోపలికి చూసి ఆ పట్టీని గోటితో గీకారు.

"మైలుతుత్తం రంగు ఇది. మందు కొట్టే పంపు ఇత్తడి ముక్కుకి ఇట్టాగే చిలుము పట్టుద్ది. ఇందులో ఏం పోశారు?"

"వెనిగర్ మావయ్యా."

"అంటే?"

"పులుపు."

ఆయన ఉన్నచోటే గడప మీద కూలబడ్డారు. "పాప తాగిందా?" అని అడిగారు. నేను తలూపాను.

ఆదివారం కావడంతో మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. చెంబుని గుడ్డలో చుట్టుకుని అందరం దర్శి ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరు చెంబు లోపల చూసి, ఎన్నాళ్లుగా, ఎంతెంత అని అడిగారు. రక్తం తీశారు. పాప సూదికి ఏడ్చిన ఏడుపు కంటే రిపోర్టు వచ్చేదాకా వరండాలో కూర్చోవడమే ఎక్కువ కష్టమైంది. లివర్ అన్న మాట డాక్టరు నోటి నుంచి విన్నప్పటి నుంచి ల్యాబు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. మావయ్య బెంచీ ఆ చివర, మాకు దూరంగా కూర్చున్నారు. పాప దిగి నడుచుకుంటూ వెళ్లి ఆయన మోకాళ్ల మధ్య నిలబడింది. ఎత్తుకునే ముందు ఆయన నా వైపు చూశారు. అలా అడగాల్సిన స్థితికి ఆయన్ని తెచ్చింది నేనే. "ఎత్తుకోండి మావయ్యా" అన్నాను.

రిపోర్టు బాగానే ఉంది. తాగింది కొంచెమే కాబట్టి, ఆపేశాం కాబట్టి తగ్గిపోతుందన్నారు డాక్టరు. నాకూ పరీక్ష చేశారు. పసిపిల్లలకి వెనిగర్ దేనికమ్మా అని మెల్లగానే అడిగారు.

సాయంత్రం అత్తయ్య వచ్చింది. పాప నుదుట విభూతి పెట్టి, డబ్బాలోంచి పొంగలి తీయబోతుంటే జరిగింది చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

"ఆపిల్ పులుసుద్దా ఎక్కడన్నా? తియ్యటి పండేగా అది."

గోధుమరంగు సీసా మూత తీసి ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుంది, ఏమీ తెలియలేదు. అరచేతిలో చుక్క వేసుకుని నాలుకకి తాకించింది. ముఖం ముడుచుకుపోయింది. సీసా వైపు చూసింది, కడిగి బోర్లించిన చెంబు వైపు చూసింది, పాప వైపు చూడలేకపోయింది.

"పులుపని ఒక్క మాట చెప్తే రాగిలో పోసేదాన్నా అమ్మాయ్?" అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు భరించరానిదయింది.

"రాగిలో పోస్తున్నారని నాకూ తెలియదు అత్తయ్యా."

"నీళ్లు దేంట్లో పోస్తామో ఎవరైనా చెప్తారా?"

ఇద్దరం వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయాం. పొంగలి చల్లారిపోయింది. మావయ్యే వచ్చి, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ డబ్బాలోంచి తినిపించారు.

మర్నాడు వాంతి కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. గోధుమరంగు సీసా పారబోశాను. తెల్లది ద్రాక్షపళ్లు కడగడానికి మాత్రం ఉంచాను. మావయ్య మళ్లీ ఇంట్లోనే పడుకుంటున్నారు. మురుగులు పాప చేతులకి ఇంకా కొంచెం వదులుగానే ఉన్నాయి.

అత్తయ్య ఇప్పుడు పాపకి ఏది ఇచ్చినా, పాలయినా, మజ్జిగయినా, ముందు అరచేతిలో చుక్క వేసుకుని నాలుకకి తాకిస్తుంది. నిన్న నేను స్టీలు బిందెలోంచి మంచినీళ్లు ముంచి పాపకి ఇవ్వబోతుంటే గ్లాసు ఆపింది. చుక్క వేసుకుని చూసింది.

"నీళ్లే" అని గ్లాసు నాకిచ్చింది. నేనూ ఒక చుక్క చూసి పాపకిచ్చాను.