జిన్‌తూ పాస్ చేసిన ర్యాంపు

లియావ్ జిన్‌తూ పేరు చెబితే మా జిల్లాలో మేస్త్రీలకి ఒళ్లు మండుతుంది. బ్యాంకు కానీ, బడి కానీ, ఆస్పత్రి కానీ, కొత్తగా కట్టిన ఏ కట్టడమైనా తెరవడానికి ముందు తనిఖీ బృందం వస్తుంది. ఆ బృందంలో చక్రాల కుర్చీలో వచ్చే మనిషి జిన్‌తూ. తలుపు వెడల్పు కొలుస్తాడు. మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీని గుంజి చూస్తాడు. వాష్‌బేసిన్ కిందికి మోకాళ్లు దూరతాయో లేదో తన మోకాళ్లే దూర్చి చూస్తాడు. అర సెంటీమీటరు తేడా ఉన్నా కాగితం మీద ముద్ర వెయ్యడు. పన్నెండేళ్లుగా ఇదే వరస. వెనకాల అందరూ "అర సెంటీమీటరు లియావ్" అంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు, లోలోపల మురిసిపోతాడు కూడా.

ముద్రలు చెక్కడమే అతని బతుకుతెరువు. రెండేళ్లప్పుడు పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడితే, వాళ్లమ్మ "చేతులున్నాయి కదా, అవి చాలు" అని పదహారో ఏట ముద్రలు చెక్కే ముసలాయన దగ్గర కూర్చోబెట్టింది. తైవాన్‌లో ఇల్లు కొన్నా, బ్యాంకులో ఖాతా తెరిచినా, పార్సిల్ అందుకున్నా పేరు చెక్కిన ముద్ర ఉండాలి. మా పేటలో సగం మంది పేర్లు జిన్‌తూ చేతి మీదుగా వచ్చినవే. పిల్ల పుట్టగానే ఇంకా పాలవాసన పోకముందే పేరు రాసుకుని అతని దగ్గరికి పరిగెత్తేవాళ్లం. పని కాగానే చక్కా పోయేవాళ్లం. కాసేపు కూర్చుని మాట్లాడదామని ఎవడికీ తోచలేదు, నాతో సహా.

పెళ్లి కాలేదు. ఒకసారి సంబంధం దాకా వచ్చింది కానీ, అతను కొట్టు మెట్టు ఎలా దిగుతాడో చూసిన పిల్ల మేనమామ ఇంకో మాట లేకుండా వెనక్కి తిరిగాడు. తొమ్మిదేళ్ల కిందట తల్లి కూడా పోయింది. అప్పటినుంచీ మధ్యాహ్నం డబ్బా అన్నం తెచ్చుకుని, టీవీలో వార్తలు పెట్టుకుని, కొట్టు బల్ల మీదే తింటాడు. వార్తలు చదివే అమ్మాయికి "అవునా, పాపం" అని జవాబు కూడా చెబుతాడని పక్క కొట్టు వాళ్లు నవ్వుకునేవారు.

చిత్రమేమిటంటే, జిల్లాలో అతను ఎక్కలేని కట్టడం దాదాపు లేదు. గ్రంథాలయం పాస్ చేశాడు, మళ్లీ ఆ గడప తొక్కలేదు. సినిమా హాల్లో అతని కుర్చీ కోసం ప్రత్యేకంగా చోటు పెట్టించాడు, ఒక్క సినిమా చూడలేదు. ఎవరితో వెళ్తాడు? అన్ని తలుపులూ తెరిపించాడు కానీ, ఏ తలుపు లోపలా అతని కోసం ఎదురుచూసే మనిషి లేడు.

అలాంటి సమయంలో మా పేటలో అందరూ కలిసి తినే భోజనశాల కట్టాలని అనుకున్నాం. పేట పెద్ద జాంగ్ వాన్‌ఫూ గొంతు పెద్దది, మనసూ పెద్దదే. పట్నం నుంచి ఫాంగ్ రూయిన్ అనే ఆర్కిటెక్టును పిలిపించాడు. ఆ అమ్మాయి వస్తూనే గీతలు గియ్యలేదు. పెద్ద కాగితం నేల మీద పరిచి, తలో సోయా సీసా మూత ఇచ్చి, "మీరెక్కడ కూర్చుంటారో అక్కడ పెట్టండి" అంది. అందరూ ఎగబడి పెట్టారు. జిన్‌తూ వంటగది కిటికీ పక్కన పొడుగు బల్ల చివర తన మూత పెట్టాడు. జామకాయలమ్మే సూ యుయేశా వెంటనే తన మూత దాని పక్కన తోసింది.

"వీడి పక్కనైతే చోటు కలిసొస్తుంది, కుర్చీ వీడే తెచ్చుకుంటాడు" అంది. అందరూ గొల్లున నవ్వారు. జిన్‌తూ చెవులు ఎర్రబడ్డాయి. చక్రాల కుర్చీ దూరేలా ఆ బల్లకి ఆ చివర కాళ్లు లేకుండా కట్టించాలని రూయిన్ అప్పుడే రాసుకుంది.

ఆ వేసవిలో రెండు జరిగాయి. యుయేశాకి పక్షవాతం వచ్చింది. కాళ్లు పోయాయి, ఎడమ చెయ్యి సగం పోయింది, ఆస్పత్రిలో చక్రాల కుర్చీ ఇచ్చారు. ఇంకోటి, తుపాను నీళ్లు పేటలోకి వచ్చాయి. దాంతో భోజనశాల నేల ఎత్తు చేయాల్సిందేనని మేమంతా పట్టుబట్టాం. నలభై అయిదు సెంటీమీటర్లు పెంచారు. నేల పెరిగితే ర్యాంపూ పొడుగవ్వాలి కదా. ఒక పక్క భూమిదేవుడి గుడి ఉంది, దాన్ని కదిపే ధైర్యం ఎవరికీ లేదు. ఇంకో పక్క స్కూటర్ల షెడ్డు. రూయిన్ షెడ్డు తీసేసి మలుపు తిరిగే ర్యాంపు గీసి పంపింది. ఎండలో స్కూటర్లు పెట్టుకోవాలా అని మేమే ఒప్పుకోలేదు. మేస్త్రీ ర్యాంపుని ఉన్న చోట్లోనే ఇరికించి పోసేశాడు.

ముసలాళ్లని గౌరవించే పెద్దల పండగ అయిదు రోజులుందనగా తనిఖీ వచ్చింది. ఆఫీసు గుమాస్తా మరుగుదొడ్డి చూడ్డానికి లోపలికి వెళ్లాడు, ర్యాంపు జిన్‌తూకి వదిలేశాడు. జిన్‌తూ టేపు లాగాడు. అయిదున్నర మీటర్లుండాల్సింది నాలుగే ఉంది. మళ్లీ కొలిచాడు. నాలుగే. కుర్చీ తోసుకుని ఎక్కబోతే సగం దూరంలో భుజాలు పట్టేశాయి.

"ఇది కుదరదు వాన్‌ఫూ. నిటారుగా ఉంది" అన్నాడు.

వాన్‌ఫూ మొహం పాలిపోయింది. "ఒరేయ్, నూటఇరవై మందికి వంట చెప్పేశాన్రా. ముసలాళ్లంతా కొత్త బట్టలు కూడా తీసి పెట్టుకున్నారు."

"కుర్చీలో వచ్చినవాడు ఒక్కడే ఎక్కలేడు దీన్ని."

"ఒక్కడే ఎందుకు ఎక్కాలి? మేం లేమా? చేతులు పడిపోయాయా మాకు? నలుగురం పడితే నువ్వు పైన ఉంటావు. నీ అర సెంటీమీటరు ఆ బ్యాంకు వాళ్ల దగ్గర చూపించు. ఇది మనిల్లు రా!"

యాభై ఎనిమిదేళ్లలో వాళ్లమ్మ తప్ప ఎవరూ అతనితో మనిల్లు అనలేదు. కొత్త పొయ్యిలు వెలిగించి చూస్తున్నారేమో, లోపల్నుంచి వెల్లుల్లి వేగుతున్న వాసన వస్తోంది, వంట ఆడవాళ్లు ఎవర్నో ఆట పట్టిస్తున్నారు, కిటికీలోంచి పొడుగు బల్ల చివర కనిపిస్తోంది. కాగితంలో "సరిపోయింది" అని రాసి ముద్ర వేసేశాడు. గుమాస్తా వచ్చి, లియావ్ చూశాక ఇంకేముందని, కొలవకుండానే కాగితం మడిచి పెట్టుకున్నాడు.

పండగ రోజు నలుగురం అతన్ని అరుపులతో పైకి తోశాం. సోయాలో మగ్గిన పంది మాంసం, వెదురు మొలకల సూపు, పెద్దల ఆయుష్షు కోసం పొడుగు నూడుల్స్. పక్క వాళ్లు అతని గిన్నెలో వడ్డిస్తూనే ఉన్నారు. ఎవడో మైకు చేతిలో పెడితే పాట కూడా పాడాడు, శ్రుతి ఎటో పోయింది, అయినా చప్పట్లు కొట్టాం. ఇంటికెళ్లి టీవీ పెట్టలేదు. ఆ రోజు నిజంగా సుఖపడ్డాడు, అందులో అబద్ధం లేదు.

మొదటి పది రోజులూ కింద కుర్చీ చప్పుడు వినగానే ఎవరో ఒకరు దూకేవాళ్లు. తర్వాత మెల్లగా చల్లబడ్డాం. లోపల వంటగది పంకా మోత, గరిటెల మోత, కింద మనిషి పిలిస్తే వినపడేది కాదు. జిన్‌తూ పదకొండుంపావుకే వచ్చి కింద కాపు కాసేవాడు, వచ్చేవాళ్లలో ఎవరైనా తోస్తారని. "ఈ వారం బరువెక్కావురా, మాంసం తగ్గించు" అని మేం జోకులేస్తే అతనూ నవ్వేవాడు. దిగాలన్నా ఎవరో ఒకరు లేచే దాకా ఆగాల్సిందే. వాన పడ్డ రోజైతే గుడి చూరు కింద తడుస్తూ కూర్చునేవాడు. పైన నవ్వులు వినిపించేవి. ఏమనగలడు? ఎవర్నని తిట్టగలడు? కొట్టు బల్ల మీద ఒంటరిగా తిన్న తొమ్మిదేళ్లలో ఇంత దిగులు పుట్టలేదు అతనికి.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం అలా కూర్చుని ఉండగా, అన్నాళ్లూ ఆస్పత్రిలో ఉండి ఈమధ్యే ఇంటికొచ్చిన యుయేశా వచ్చింది. తన కుర్చీ తనే తోసుకుంటూ వచ్చింది, వెంట ఎవరూ లేరు.

"ఏరా, ఇక్కడ కూర్చున్నావేం? లోపల వేలెట్టుకోడానికి చోటు లేదా?"

"గాలి కోసం అక్కా."

"ఈ చలిలో గాలేంట్రా, పిచ్చిమొహమా!" అంటూ ర్యాంపు మీదికి కుర్చీ తిప్పింది.

రెండు పట్లు ఎక్కింది. చక్రం వెనక్కి జారింది. జిన్‌తూ తన కుర్చీ అడ్డం పెట్టి ఆపాడు. మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. మూడోసారి చెయ్యి వదిలేసి ఒళ్లో పెట్టుకుంది. ఊపిరి అందడం లేదు.

"నా పని అయిపోయింది రా" అంది.

"కాసేపాగు, ఎవరో ఒకరు వస్తారు."

"ఎవరో రావడానికా నేను బయల్దేరింది? ఆస్పత్రిలో నర్సమ్మ రోజూ ర్యాంపు ఎక్కించింది, చక్కగా ఎక్కాను. ఇంటికొచ్చాక ఏమైందో. మంగళవారం కూడా వచ్చాను, తెలుసా? ఇంత దూరం వచ్చి, ఎక్కలేక, ఎవరూ చూడకముందే వెళ్లిపోయాను. అప్పట్నుంచీ గోడ పట్టుకుని చేతులు సాధన చేస్తున్నా." కళ్లు తుడుచుకుంది. "ర్యాంపుని ఏమనుకుంటాం, నువ్వు చూసి ముద్ర వేసింది. నా చేతులే చచ్చాయి."

జిన్‌తూ ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఇంకో అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి ఇద్దర్నీ తోసేస్తారు, వేడి వేడి అన్నం తింటారు, ఈవిడ పక్కనే కూర్చుంటుంది. నోరు విప్పితే ఆ బల్లా పోతుంది, ఈవిడా పోతుంది. అది అతనికి బాగా తెలుసు.

"నీ చేతులు బాగానే ఉన్నాయక్కా. ర్యాంపే నిటారుగా ఉంది."

"ఏంటి?"

"ఉండాల్సిన పొడుగు లేదు. ఆ రోజే కొలిచాను."

"కొలిచి?"

"ముద్ర వేశాను."

"ఎందుకురా?" అంది యుయేశా, చాలా మెల్లగా.

"అందరితో కూర్చుని తిందామని."

ఆవిడ కుడి చేత్తో కుర్చీ తిప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. అప్పుడే వాన్‌ఫూ పైనుంచి తొంగి చూసి, "రండి రండి, చల్లారిపోతోంది! యుయేశా ఎటు పోతోందిరా?" అని కేకేశాడు. జిన్‌తూ నేరుగా తనిఖీ ఆఫీసుకి వెళ్లి, తను రాసింది తప్పని కాగితం రాసిచ్చాడు.

వారం తిరక్కుండా ర్యాంపు పగలగొట్టారు. షెడ్డు పీకేశారు. తనిఖీ బృందంలోంచి జిన్‌తూ పేరు తీసేశారు, అది న్యాయమే. భోజనశాల మూతపడి, రెండు నెలలు అన్నం డబ్బాల్లో పెట్టి ఇళ్లకి పంచాం. ఆ రెండు నెలలూ మేం అనని మాట లేదు. "పండగ భోజనం మింగి, తర్వాత గోతులు తీశాడు" అన్నారు. "మనవాడనుకున్నాం" అని వాన్‌ఫూ వచ్చి జిన్‌తూ కొట్టు ముందు నిలబడి అందరూ వినేలా అన్నాడు. జిన్‌తూ తలెత్తకుండా చెక్కుకుంటూ కూర్చున్నాడు. యుయేశా ఇంటికి రెండుసార్లు వెళ్లాడు. బయట్నుంచే పిలిచాడు. తలుపు తియ్యలేదు.

చాంద్రమాన కొత్త సంవత్సరం వెళ్లాక భోజనశాల మళ్లీ తెరిచారు. ర్యాంపు మధ్యలో మలుపు, మలుపు దగ్గర ఆగడానికి చదును. జిన్‌తూ పదకొండుంపావుకే వచ్చి ఒక పక్కకి జరిగి ఆగాడు. ఎక్కలేక కాదు. ఆవిడ వస్తుందేమోనని.

వచ్చింది. అతని వైపు చూడకుండా ర్యాంపు మీదికి తిప్పింది. అతను కాస్త దూరంగా వెనకే ఎక్కాడు. మలుపు దగ్గర ఆవిడ ఆగి ఆయాసపడింది. చలికాలమైనా మెడ మీద చెమట. జిన్‌తూకి చెయ్యి ఆగలేదు, ఆవిడ కుర్చీ వెనక పట్టుకున్నాడు.

"తియ్యరా చెయ్యి. ఎక్కుతున్నాగా" అంది, వెనక్కి తిరక్కుండానే.

తీసేశాడు. ఆవిడ ఊపిరి తీసుకుని, కుడి చెయ్యి ఒక పట్టు, ఎడమ చెయ్యి అర పట్టు, వంకరగా తోసుకుంటూ పైకి చేరింది. లోపలి వాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. ఆవిడని కిటికీ దగ్గరి వాళ్లు తమ మధ్యకి పిలుచుకున్నారు.

జిన్‌తూ తర్వాత ఎక్కాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ పొమ్మనలేదు కూడా. బల్ల చివర కూర్చుని తిన్నాడు. గిన్నె తనే కడిగి బోర్లించి, ఎవర్నీ పిలవకుండా కిందికి దిగి వెళ్లిపోయాడు.