జకరయ్య వేసిన గట్టి ఫ్యూజు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో చేవెళ్ల మొత్తానికి మోటారు నడపడం తెలిసినవాడు జకరయ్య ఒక్కడే. మల్‌రెడ్డి పటేలు కారుకు అతనే డ్రైవరు, అతనే మేస్త్రీ. ఆ కారు లైట్ల ఫ్యూజు మాటిమాటికీ కాలిపోవడం అతనికి తలవంపుగా ఉండేది. ఫ్యూజులోని సన్న తీగ కాలిపోతేనే కారు వైర్లు బతుకుతాయని పట్నంలో దుకాణదారు చెప్పాడు. పాత ఫ్యూజు మీదున్న నంబరుదే కొనుక్కొని, వైరు ఎక్కడ ఒరుసుకుంటున్నదో వెతకమన్నాడు.

"గసొంటి పిరికి ఫ్యూజు మాకెందుకు సేటూ? అన్నిటికన్న పెద్ద నంబరుది, లావు తీగది ఇయ్యి" అన్నాడు జకరయ్య.

పటేలుకూ ఆ మాట నచ్చింది. కొత్త ఫ్యూజు ఒక్కసారీ కాలలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందర కూడా జకరయ్య దాని గొప్పే చెప్పేవాడు.

ఒకనాడు పెళ్లికి పోతూ, పొద్దుగూకే వేళ మొయినాబాద్ దగ్గర లైట్లు వేశాడు. కాసేపటికి స్టీరింగు కింది నుంచి పొగ లేచింది. పటేలు తలపాగా పట్టుకొని రోడ్డు పక్క చెలకలోకి దూకాడు. జకరయ్య మట్టి చల్లి మంట ఆర్పేసరికి వైర్లన్నీ మాడిపోయాయి.

"గట్టి ఫ్యూజంటివి గదరా! గిదేనా గట్టితనం?" అని పటేలు గద్దించాడు.

జకరయ్య ఫ్యూజు ఊడదీసి, అంగీకి తుడిచి, వెలుతురుకు పట్టి చూశాడు. తీగ చెక్కుచెదరలేదు.

"మీరే జర చూడున్రి పటేలా" అన్నాడు నొచ్చుకుంటూ. "కారంత కాలినా దీనికేమన్న అయిందా?"

పటేలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫ్యూజు మాత్రం మంచిదేరా" అని ఒప్పుకొని, వైర్లు మార్పించాక మళ్లీ దాన్నే వెయ్యమన్నాడు.