చీర రెండో కొస

కొత్త చీర గంజి వాసన తగిలితే నా మోకాళ్ళు వాటంతట అవే బిగుసుకుంటాయి. ఈ ఉదయం కొట్లో ఎవరో మూట విప్పగానే లక్ష్మక్క గుర్తొచ్చింది. రేపు నాకు మళ్ళీ షుగరు పరీక్ష.

సలాబత్‌పురా బట్టల బజారులో ఒక చీరల కొట్లో లెక్కలు చూస్తాను. ఎవరూ నేర్పలేదు, కూడికలు, శాతాలు పక్కన కూర్చుని చూసి పట్టుకున్నవే. రోజంతా కదలని పని. నేనుండేది డిండోలిలో. అక్కడ మా పక్క గది లక్ష్మక్కది. మిల్లు చీరలు ఇంటికి తెచ్చుకుని, మడతలు వేసి కొట్లకు పంపేది. రెండేళ్ళ కిందటి వానల్లో డాక్టరు నాతో, "షుగరు ఇంకా రాలేదమ్మా, గుమ్మం దాకా వచ్చింది. ఇంట్లోనైనా సరే, రోజూ ఒళ్ళు వంచాలి" అన్నాడు. మా అమ్మకు షుగరుతోనే చూపు పోయింది. ఆమెకు చూపు పోయిన వయసులోంచి నా వయసు తీసేస్తూ కూర్చునేదాన్ని. ఎన్నిసార్లు తీసినా మిగిలేది తక్కువే. కళ్ళు పోతే నాకు అంకెలు ఎవరు చదివి పెడతారు?

నడుద్దామంటే ఎడతెగని వాన, సందు నిండా మురుగునీళ్ళు. ఆ మాట చెప్పి ఏడిస్తే లక్ష్మక్క ఒక చీర కొస నా చేతిలో పెట్టింది.

"బయటికెందుకే? జర గీ కొస పట్టు. నేను మడత ఏసినప్పుడల్లా కూసోని లెవ్వు. చీర నేలకు తాకొద్దు."

రెండు చేతుల్లోనూ చీర. ఇక గోడ పట్టుకునే వీల్లేదు. మూడో చీరకే తొడలు వణికాయి.

"నా వల్ల కాదక్కా."

"ఏంది, మోకాళ్ళు గూడ కిరాయికి తెచ్చుకున్నవా? మెల్లగ లెవ్వు. నీ హిసాబ్ తర్వాత చేద్దువుగాని."

కొట్టు నుంచి రాగానే రోజూ అదే పని. కొన్నాళ్ళకు చీరల కట్టను గుండెలకు హత్తుకుని లేవమంది. తలుపు పట్టుకుని మడమలు ఎత్తించింది. నేను కొస సరిగా పట్టక మడత వంకరపోతే, విప్పి మళ్ళీ మొదలుపెట్టేది.

మూడు నెలల తర్వాత పరీక్ష నాడు నేను మంచం దిగలేదు. "ఎల్లుండి పోతానక్కా."

"నువ్వు చూడకుంటే బిమారి ఊకుంటదా? నడువు, నేనొస్త."

అంకె ఇసుమంత తగ్గింది, అంతే. డాక్టరు "పెరగలేదు, మంచిదే. ఆపకండి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "ఇంత కష్టానికి ఇంతేనా? లెక్క కుదరలేదక్కా" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "చీర మడతేస్తే పొడుగు తగ్గుతదా, పిచ్చిదానా? చేతికి అందుతది, గంతే. ఎవరన్న విప్పితే మల్ల మడతెయ్యాలె."

ఆ మాటతో భయం పోయిందని చెప్పలేను. పెరగకుండా ఆగడం కూడా ఒక లెక్కేనని మాత్రం ఆ రోజే తెలిసింది.

నిరుడు ఆమె భీవండిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఒక పాత చీర కొస కిటికీ ఊచకు కట్టుకున్నాను. ఊచ తిట్టదు, వంకర మడతను విప్పదు. ఆ రెండు పనులూ నేనే చేసుకోవాలి. రేపటి అంకె ఎంతో తెలియదు; పొద్దుటి నుంచి అరచేతులు చెమట పడుతూనే ఉన్నాయి. వంటకు ముందు ఆ చేతులతోనే రెండో కొస పట్టుకున్నాను. కూర్చున్నాను. చీర నేలకు తాకకుండా లేచాను.