అరవై దాటినవారికి ఇల్లు లేదు

ఉమాశంకర్ గారి ఇల్లు మా వీధిలో అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే ఖాళీది కూడా. ఒకసారి "గారు" అన్నాను కదా, చాలు. అంతకంటే ఎక్కువ అతనికి చెల్లదు.

మాది బెంగాల్లో ఒక రైల్వే ఊరు. పూరీ గేట్ దాటాక మా సందులో మూడో గేటు అతనిది. దానికి పసుప్పచ్చ రేకు కట్టి ఉంటుంది, నల్లటి అక్షరాలతో, అచ్చం స్టేషన్ పేరు బోర్డులాగా. "అరవై దాటినవారికి ఇల్లు అద్దెకు ఇవ్వబడదు" అని తెలుగులో, బెంగాలీలో, హిందీలో రాసి ఉంటుంది. పెయింటరుతో రాయించాడనుకునేరు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి పెయింటరును పిలుస్తాడా? వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో ఇంటికి చేరిన రంగు డబ్బా ఒకటి ఉంటే, దానితో తనే రాసుకున్నాడు. రాసేనాటికి అతని వయసు అరవై తొమ్మిది.

నా పేరు దేవమణి. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఇల్లు అతని గేటుకు సరిగ్గా ఎదురు. ఉద్యోగం వదిలినా బీపీ మిషను వదల్లేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఇంటింటికీ వెళ్ళి బీపీ చూసి వస్తాను. అందుకే జనాభా లెక్కలవాళ్ళకు తెలియని సంగతులు కూడా నాకు తెలుసు. మా వీధిలో ఇరవై రెండు గడపలు. పద్నాలుగింట్లో అరవై లోపు మనిషి ఒక్కరూ లేరు. కిందటేడాది తొమ్మిది చావులు, ఒక్క పురుడు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరినవాళ్ళతో కిటకిటలాడిన వీధి ఇది. ఒకప్పుడు ఇక్కడ పిల్లల గోలకి పగలు కునుకు తీయడం కుదిరేది కాదు. ఇప్పుడు వినిపించేది దగ్గు.

ఈ ఊళ్ళో ముసలితనం క్వార్టరు తాళం అప్పగించిన రోజున మొదలవుతుంది. ఉద్యోగం ఉన్నంతకాలం రైల్వే ఇల్లు ఇస్తుంది. రిటైరైతే కొన్ని నెలల్లో ఖాళీ చేయాలి. గోడకు కొట్టిన మేకులు కూడా పీక్కుని బయటికొస్తారు మనవాళ్ళు. టెక్కలి వైపు ఊరికి పోదామంటే, అక్కడ వీళ్ళ పేరు చెబితే "ఎవులు బావూ?" అని అడుగుతారు. కనుక ఇక్కడే అద్దె ఇల్లు వెతుక్కోవాలి. అంటే ఇల్లు కావాలని వచ్చేవాళ్ళందరూ అరవై దాటినవాళ్ళే. ఉమాశంకర్‌కేమో పాతికేళ్ళ జంటలు కావాలి. ఎక్కడినుంచి ఊడిపడతారు? హిజ్లీ కాలేజీలో చదువుకునేవాళ్ళు అక్కడి హాస్టళ్ళలోనే ఉంటారు. సాలువా పోలీసు క్యాంపు కానిస్టేబుల్ ఒకడు భార్యతో వచ్చి అతని మేడ మీద దిగాడు. "కుర్రోలుంటే ఇంటికి కళ" అని వీధంతా చెప్పుకు తిరిగాడు ఉమాశంకర్. నాలుగు నెలలకే ఆ కుర్రాడికి బదిలీ వచ్చింది. కళ కూడా అతనితోనే పోయింది.

అసలు ఆ బోర్డు ఎందుకొచ్చిందో చెప్పాలి. అంతకుముందు ఆ మేడ మీద ఫణీంద్ర అని బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరైన ఆయన ఉండేవాడు. ఒక పొద్దున టీ తాగుతూ తాగుతూ అలాగే వాలిపోయాడు. పాపం, ఎవరినీ ఇబ్బంది పెట్టని చావు. కానీ ఆ రోజు శతభిషం. నేను క్రైస్తవురాలిని, నక్షత్రాలతో నాకు పని లేదు. అయినా ఇన్నేళ్ళు ఈ వీధిలో ఉన్నాక నాకూ సగం పంచాంగం వచ్చేసింది. ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదు నక్షత్రాలు నెలనెలా వరసగా వస్తాయి. ఆ ఐదు రోజుల్లో ఇంట్లో ఎవరి ప్రాణమైనా పోతే అందరూ బయటికొచ్చి ఇంటికి తాళం వేయాలి. పురోహితుడు ఆరు నెలలన్నాడు. భార్య లేని ఉమాశంకర్ హిజ్లీ దగ్గర ఉంటున్న కూతురు ఇందు ఇంటికి పోయాడు. వెనక వాటాలో అద్దెకుండే తవిటయ్య, అతని భార్య గంగాభవాని ఆ ఆరు నెలలూ ఒక చుట్టం వరండాలో గడిపారు.

తిరిగొచ్చిన మర్నాడే ఉమాశంకర్ ఆ బోర్డు కట్టాడు. దోషం భయమట! దోషం కాదు, దొంగ బుద్ధి. ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉండిపోయిందన్న కడుపుమంట. అయితే ఆ రోజు నేనేమన్నానో దాస్తే తప్పవుతుంది. "అక్షరాలు బాగున్నాయి బాబూ" అన్నాను. నాకు సొంత ఇల్లుంది కదా మరి. ఏడాది తిరగకుండా మా వీధిలో ఇంకో ఏడు గేట్లకు అలాంటి బోర్డులే వేలాడాయి.

తవిటయ్యను మాత్రం ఖాళీ చేయమనలేదు. అనడానికి ఎంత మొహం ఉన్నా సరిపోదు. ఉమాశంకర్ అప్రెంటిస్‌గా చేరినప్పుడు అతని చేతికి ఆకురాయి ఇచ్చి, పట్టుకోవడం నేర్పినవాడు తవిటయ్య. కుర్రాడు ఖరీదైన పనిముక్క పాడుచేస్తే "నా చెయ్యే జారింది" అని చార్జిషీటు తన మీద వేసుకున్నాడు. అందుకని ఉమాశంకర్ నలుగురిలో "ఉస్తాద్‌కి రూలు నేదు" అని గొప్పగా అనేవాడు. గొప్పలకు పెట్టుబడి అక్కర్లేదు కదా.

మూడేళ్ళ కిందట తవిటయ్య ఊపిరితిత్తులు పాడైపోయాయి. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉంచి, ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అతను కూడా అదే అడిగాడు. తన గదిలో, తన కిటికీ పక్కన, వర్క్‌షాపు సైరన్ వింటూ పోవాలని అతని కోరిక. పెద్ద కోరికా అది?

మధ్యాహ్నం మూడింటికి అంబులెన్స్ వచ్చి ఆగింది. గేటుకు తాళం. గేటుకు అవతల ఉమాశంకర్, చంకలో పంచాంగం.

"శంకరా, తాళం తియ్యి నాయినా" అంది గంగాభవాని.

"వదినా, కోప్పడకు. నాలుగు దాటితే ధనిష్ఠ వచ్చేస్తది. ఐదంటే ఐదు రోజులు. ఆసుపత్రోల్నే ఉంచమను. ఆ తరవాత నానే దగ్గరుండి తెస్తాను."

"ఆలు ఇంకేటీ సెయ్యలేమన్నారు. ఈయన ఇంటికెల్తానన్నాడు."

"ఇల్లు నాది కదా వదినా."

ఎంత మెల్లగా అన్నాడో ఆ మాట! అరిచి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. అంబులెన్స్ డ్రైవరు తల బయటపెట్టి "దీదీ, ఆర్ కతఖన్?" అని విసుక్కున్నాడు, ఇంకా ఎంతసేపని. లోపల తవిటయ్య మాస్కు పక్కకు లాక్కుని "గేటు తీసినాడా?" అని అడుగుతున్నాడు. నేను రోడ్డు దాటి వెళ్ళాను.

"సిగ్గు నేదేటయ్యా నీకు? నీకు పని నేర్పినోడు కాదేటి?"

"సిస్టరమ్మా, మీకు నచ్చత్రాలు లేవు కదా. అంత జాలుంటే మీ ఇంట్లో ఎట్టుకోండి" అన్నాడు.

"ఎట్టుకుంటాను" అన్నాను.

ధర్మం కోసం అనలేదు, పంతం కోసం అన్నాను. దేవుడు ఏ ఖాతాలో వేసుకుంటాడో ఆయనిష్టం. మా ముందు గదిలో, మా ఆయన ఎబినేజర్ పోయిన మంచం మీదే తవిటయ్యను పడుకోబెట్టాం. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆ గేటే కనిపిస్తుంది. సైరన్ మోగినప్పుడల్లా "ఇంటికెప్పుడు?" అని అడిగేవాడు. "రేపు" అనేది గంగాభవాని. అలా ఐదు రేపులు గడిచాయి.

ఉమాశంకర్ రోజూ పొద్దున్నే గేటు వెనక నిలబడి "ఎలాగున్నాడు సిస్టరమ్మా?" అని కేకేసేవాడు. అభిమానంతో అడుగుతున్నాడనుకునేరు. తవిటయ్య ఆ ఐదు రోజుల్లో పోతే తాను చేసింది సబబే అయిపోతుంది. ఆ కబురు కోసం ఎదురుచూపు. నేను ప్రతిరోజూ "బెమ్మాండంగా ఉన్నాడు" అని కావాలనే గట్టిగా చెప్పేదాన్ని. అబద్ధమే. క్షమించమని రాత్రి ప్రార్థనలో అడిగాను, పొద్దున్న లేచి మళ్ళీ చెప్పాను.

ఆరో రోజు పొద్దున్న గేటు బార్లా తీసి ఉంది. ఉమాశంకర్ తలంటుకుని, బొట్టు పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"రేవతి ఎల్లిపోనాది వదినా. అశ్విని వచ్చింది. ఏ దోషమూ నేదు. ఉస్తాద్‌ని తెచ్చీయండి."

గంగాభవాని నా మొహం చూసింది. అతని మొహాన ఊస్తుందేమో అనుకున్నాను. ఊయలేదు. మొగుడి చివరి కోరిక అది. అభిమానం మింగేసి "మంచం మోయడానికి మనుసుల్ని పిలు" అంది.

రోడ్డుకు అటునుంచి ఇటు పాతిక అడుగులు. మంచం పట్టడానికి నలుగురు కావాలి. వీధి మొత్తం తిరిగాను. ఒకాయనకు గుండెలో స్టెంటు. ఇంకొకాయనకు మోకాళ్ళు లేవు. పక్కింటి సుందర్ రాజుకు చెయ్యి పడిపోయి ఏడాది. ఒక్కరిని బతిమాలే పని కూడా లేదు, అందరి రోగాల చిట్టా నా నోటికే వచ్చు. ఉమాశంకర్‌కు హెర్నియా. "బరువెత్తొద్దన్నారు సిస్టరమ్మా" అని నాకే చెబుతాడు, చెప్పిన నర్సును నేనే! ఇరవై రెండు గడపల వీధిలో ఒక మనిషిని రోడ్డు దాటించే నాలుగు జతల చేతులు లేవు. కుర్రాళ్ళను రానిచ్చేందుకు బోర్డు కట్టాడు కదా, ఏరీ ఆ కుర్రాళ్ళు? చివరికి మెయిన్ రోడ్డుకు పోయి టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు నడిపే కుర్రాళ్ళను ఇద్దరిని పట్టుకొచ్చాను. వాళ్ళు వాళ్ళ స్నేహితులను పిలిచేసరికి మధ్యాహ్నమైంది.

మేం గదిలోకి వచ్చేసరికి తవిటయ్య కళ్ళు తెరిచి గేటు వైపే చూస్తున్నాడు. నాడి చూశాను. లేదు. తెరిచిన గేటును చూస్తూ పోయాడు, అశ్వినీ నక్షత్రంలో, ఏ దోషమూ లేకుండా.

ఆ టోటోవాళ్ళే పాడె కూడా మోశారు. గంగాభవాని ఆ వెనక వాటాలోకి మళ్ళీ వెళ్ళలేదు. సామాను తెచ్చుకుని నా దగ్గరే ఉండిపోయింది. ఆమె దీపం పెట్టుకుంటుంది, నేను బైబిలు చదువుకుంటాను, వంటింట్లో మాత్రం ఉప్పు దగ్గర రోజూ పోట్లాడుకుంటాం. ఉమాశంకర్‌తో ఈ మూడేళ్ళలో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు.

పోయిన నెల అతనే వచ్చాడు. మనిషి సగమైపోయాడు, కాళ్ళు వాచి ఉన్నాయి. డెబ్బై నాలుగు. కుర్చీలో కూర్చుని, చంకలోంచి పంచాంగం తీశాడు. ప్రతి నెలలోనూ ఐదేసి రోజులకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి.

"గుండె సగమే పంసేస్తందన్నారు సిస్టరమ్మా. ఎప్పుడేటౌతాదో తెల్దు. మంచి నచ్చత్రమైతే ఫరవానేదు. కాకపోతే ఆ ఐదు రోజులూ మీ ముందు గదిలో... ఉస్తాద్ ఉన్న సోటే..."

"నీ కూతురుంది కదయ్యా?"

"ఇందూని అడిగినాను. ఆలది కూడా అద్దిల్లే. ఆల ఓనరు బోర్డెట్టినాడంట, అరవై దాటినోల్ని ఉంచొద్దని."

నేను నవ్వాను. కడుపారా నవ్వాను. తాను తీసిన గోతిలో కాలు పడినవాణ్ణి కళ్ళారా చూడటం అందరికీ దొరికే భాగ్యం కాదు.

"సరే గానీ, ఒక మాట సెప్పు. మేడ కాళీ, ఎనక వాటా కాళీ. నువ్వు పోతే ముందు వాటా కూడా కాళీయే. ఆ ఇంటికి ఆరు నెల్లు తాళం పడితే ఎవుడికి నష్టం?"

అతను పంచాంగం మూసి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, చెప్పుకోవాలి.

"ఇల్లు కదా సిస్టరమ్మా" అన్నాడు. "పాడుపడిపోద్ది."

తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి. అంతలో వంటింట్లోంచి గంగాభవాని వచ్చింది, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ.

"రమ్మను దేవమణీ. మంచం ఉంది కదా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అతని మొహం వెలిగిపోయింది. "నువ్వు దేవతవి వదినా" అంటూ లేవబోయాడు.

"కూకో శంకరా, నా మాట అవ్వనేదు" అంది ఆమె. కుడి చెయ్యి అతని ముందు చాపింది. "ఆ గేటు తాళంచెవి ఇలాగియ్యి. నువ్విక్కడికొస్తే ఆ ఇంట్లోకి నానెల్తాను. ఆయన కిటికీ కాడ ఉంటాను. నాకు డెబ్బై మూడు. ఏ నచ్చత్రంలో పోతానో నాకు తెల్దు. నాను పంచాంగం సూడను."

అతని చెయ్యి మొలతాడు దగ్గరికి పోయింది. తాళంచెవి అక్కడే కట్టుకుంటాడు, స్నానానికి కూడా విప్పడు. దాన్ని పిడికిట్లో పట్టుకుని ఆమె చేతివంక చూస్తూ కూర్చున్నాడు. గంగాభవాని చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఇచ్చేస్తాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఇచ్చి ఉంటే నేను ఇంతసేపు తిట్టిన మనిషిని ఇంక తిట్టలేకపోయేదాన్ని.

"ఆలోసించి సెప్తాను వదినా" అన్నాడు.

గోడ పట్టుకుని లేచి, వాచిన కాళ్ళతో మెల్లగా రోడ్డు దాటాడు. బోర్డు పక్కనుంచి లోపలికి పోయి, గేటు మూసి, లోపలి నుంచి తాళం వేసుకున్నాడు.