జీతాల్లోంచి వచ్చిన కాలు

ఆఫీసులో అందరి జీతాల్లోంచీ నెలనెలా కోసే విరాళంతో, గేటు పక్కన టీ అమ్మే ఒంటికాలి మనిషికి పెట్టుడు కాలు కొనిచ్చిన దగ్గర్నుంచీ హెడ్‌క్లర్క్ టీ తాగే తీరే మారిపోయింది. చిటికెన వేలెత్తి గ్లాసు పట్టుకుంటాడు. వెంట ఎవరు కొత్తగా వచ్చినా, "ఏదీ, ఓసారి నడిచి చూపించు" అంటాడు. టీ ఆయన స్టవ్ తగ్గించి గేటుదాకా వెళ్లొస్తాడు.

ఇవాళ తనిఖీకొచ్చిన పెద్దాఫీసరుని హెడ్‌క్లర్క్ టీకి తీసుకొచ్చేసరికి కాలు బల్ల కింద పడుంది. "ఒరుసుకుని పుండు పడింది సార్. రెండ్రోజులాగి తొడుక్కుంటా." "మా జీతాలు కోసుకుని ఇచ్చింది బల్ల కింద దాచుకోడానికటయ్యా?" అన్నాడు హెడ్‌క్లర్క్, నవ్వుతూనే. టీ ఆయన పట్టీలు బిగించి, పంటి బిగువున గేటుదాకా వెళ్లొచ్చాడు. పంట్లాం మోకాలి దగ్గర ఎర్రగా తడిసింది. హెడ్‌క్లర్క్ మురిసిపోయి గ్లాసు కింద పెట్టాడు. "ఇంకోసారి వెళ్లిరావయ్యా. సారు ఫోన్లో ఉన్నారు, చూళ్లేదు."