అన్న చూసిన వెలుగు

మా అన్న రెవెన్యూలో చేరి డిప్యూటీ కలెక్టరుగా రిటైరయ్యాడు. రిటైరై కొన్నేళ్లయినా, ఆదోనిలో ఆయన వీధిలో నడిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. మా వైపు అంతే, కుర్చీ పోయినా సారు సారే. ఆ మర్యాదే ఆయన ఎడమ కన్ను తీసిందని నేనంటే మావాళ్లకు కోపం వస్తుంది. వస్తే రానీ.

పోయినేడు పత్తి తీతల కాలంలో మొదలైంది. పెద్దకడుబూరు దగ్గర ఆయనకు చేను ఉంది. అది చూసుకుని పొద్దుగూకేవేళ కారులో తిరిగి వస్తుంటే, ఎడమ పక్క ఆకాశంలో కొడవలిలా వంగిన వెలుగొకటి తటాలున మెరిసిందట. దాని వెంట నల్లటి చుక్కలు కొన్ని తేలుతూ పోయాయట. ఈయన ఎటు తిరిగితే అదీ అటే తిరిగిందట. డ్రైవరుకు ఏమీ కనబడలేదు. కానీ "సూసినావేమప్పా?" అని సారు అడిగితే "సూసినా సార్" అన్నాడు. లేదనడానికి అతనికేం పిచ్చా?

మర్నాడు ఎమ్మిగనూరులో మా బట్టల కొట్టుకు వచ్చి నాకూ చెప్పాడు. "ఎగిరే పళ్లెమే అమ్మీ. నన్నే కనిపెట్టుకోనుండాది అది. అమెరికాలో మిలిటరీ పెద్దోళ్లే సూసినామని సెప్తాండారు. అంతంత ఆఫీసర్లకు అబద్ధమాడే కర్మేంది?"

"నీకూ లేదులే అన్నా" అన్నాను. ఆ మాట నిజమే. సర్వీసంతా పరాయి కాఫీ కూడా ముట్టని మనిషని ఆయనకు పేరు. ఆ పేరుతోనే వచ్చింది చిక్కంతా. ఈయన అబద్ధమాడతాడా అని అందరూ తమను తాము అడిగి చూసుకున్నారు, ఆడడని తేల్చుకున్నారు, ఇళ్లకు పోయి పడుకున్నారు. అబద్ధమాడనివాడు పొరపడడా అని అడిగిన నరమానవుడు లేడు. పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. మూట విప్పి వాసన చూడకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ తర్వాత యూట్యూబు ఛానెలువాళ్లు వచ్చారు. కల్యాణ మండపంలో సభ పెట్టి శాలువా కప్పారు. రిటైరైన పోలీసు అధికారి ఒకాయన మైకు పట్టుకుని, "ఇంత పెద్ద ఆఫీసరు చెప్పాక ఇంకా రుజువులెందుకు?" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను ముందు వరసలోనే ఉన్నాను. వేదిక మీద అన్న మాటిమాటికీ కళ్లజోడు తీసి తుడుస్తున్నాడు. మొహం ముందు ఈగలు ముసిరినట్టు చేయి విసురుతున్నాడు. అక్కడ ఒక్క ఈగ లేదు.

ఆ వారమే చేనికాడ పత్తి తీసే ఒకామె, అన్న తన వెలుగు గురించి మేస్త్రీకి చెబుతుంటే విని, దగ్గరికొచ్చింది. "నాకూ మెరస్తాంది సార్. పొద్దుగూకితే సాలు, ఈ పక్క తళుక్కుమంటాంది" అంది. అందరూ ఘొల్లుమన్నారు. అన్న కూడా నవ్వాడు. "నీకేం కనపడతాదిమ్మే! ముందు కండ్లు సూపిచ్చుకో పో. రేపు పనికి రావద్దు, ఆస్పత్రికి పో" అన్నాడు.

సారు చెప్పాడు కాబట్టి ఆమె వెళ్లింది. కంటి లోపలి పొర చిరిగిందని, మెరుపులు దానివల్లేనని చెప్పి, ఆదోనిలో డాక్టరు లేజరు పెట్టాడు. ఇంకొంచెం ఆలస్యమైతే చూపు పోయేదట. తర్వాత నేను చేనికి వెళ్లినప్పుడు ఆమె నా చేతులు పట్టుకుంది. "మీ అన్న దేవుడక్కా. ఆయప్ప సెప్పకుంటే నా కన్ను పోయేది" అంది.

సభలో లేని ఈగలను తోలిన అన్న చేయి నాకు గుర్తొచ్చింది. మా ఆయన "ఆయనకే లేని బాధ నీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకా?" అంటున్నా వినకుండా, అప్పటికప్పుడు బస్సెక్కి ఆదోని పోయాను. ఆమె చెప్పిందంతా చెప్పి, "నువ్వూ ఒకసారి సూపిచ్చుకో అన్నా" అన్నాను.

అన్న మొహం గంటు పెట్టుకున్నాడు. "ఆమెకు మెరిసింది కంట్లో. నాకు కనపడింది ఆకాశంలో. తేడా తెలీదా నాకు? ఎంతమంది సాక్షులను విచారించినా నేను!"

"నిన్నెవరు విచారించినారన్నా?" అన్నాను.

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. వదిన నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇంటి పెద్దను పట్టుకుని అంతమాట అనడం మా ఇంట్లో అదే మొదలు. ఆ తర్వాత ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. కోపం, భయం రెండూ కలిసి నాకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు పొద్దున్నే ఆయనే ఫోను చేశాడు. "అమ్మీ, ఎడమ కంటికి పక్కనుంచి పరదా దిగుతాంది" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు అంతవరకు తెలీదు.

కర్నూలుకు తీసుకుపోయాం. డాక్టరు చిన్న వయసువాడు. చాలాసేపు పరీక్ష చేశాడు. లోపలి పొర ఊడిపోయిందన్నాడు. ఆపరేషన్ చేస్తామని, పోయిన చూపు తిరిగి రావడం మాత్రం కష్టమని చెప్పాడు. ఎదురుగా ఉన్నది ఎంత పెద్ద ఆఫీసరో అతనికి తెలీదు. అందుకే కాబోలు, అడగాల్సింది అడిగాడు.

"మొదట్లోనే మెరుపులు, నల్ల చుక్కలు కనబడి ఉంటాయే. అప్పుడే ఎవరికైనా చెప్పి ఉండాల్సింది కదండీ?"

అన్న ఒళ్లో ఉన్న కళ్లజోడు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"సెప్పినానప్పా. అందరికీ సెప్పినా" అన్నాడు. "అందరూ నమ్మినారు."